అండాశయాలు లేని ఎలుక కాన్పు

అండాశయాలు తీసేసిన ఎలుక ఎనిమిది పిల్లల్ని కన్నది. సోమవారం పొద్దున్నే, ఎవరి సాయమూ లేకుండా, దర్జాగా. ఇంత ఘనకార్యం తన పంజరంలోనే జరగాలా అని కొలతల మేడం నెత్తిన చేతులు పెట్టుకుంది.

ఆమె పీహెచ్‌డీ అంతా ఆ పంజరాల మీదే ఉంది. ఆడ హార్మోన్లు ఉన్న ఎలుకల్లో ఆసిడ్ గాయం ఎలా మానుతుంది, లేనివాటిలో ఎలా మానుతుంది? ఇదీ ప్రశ్న. ఎలుకలకు మత్తిచ్చి వీపు మీద ఆసిడ్ చుక్క వేస్తారు, నొప్పి మందు ఇస్తారు, గాయాన్ని ఆమె రోజూ కొలుస్తుంది. అందుకే కొలతల మేడం. అండాశయాలు తీసే పశువైద్యుడు కుట్ల డాక్టర్.

"ఏమండీ, మీరు ఆపరేషన్ చేశారా, పొట్ట నిమిరి పంపించేశారా?"

అతను పంజరంలోకి తొంగి చూశాడు. "అభినందనలు మేడం. తల్లీపిల్లలు క్షేమమేగా?"

"నా మూడేళ్ల కష్టం మట్టిలో కలుస్తుంటే మీకు వేళాకోళమా! హార్మోన్లు లేని గుంపులోనే గాయాలు త్వరగా మానుతున్నాయని నిన్నటిదాకా ఎగిరి గంతేశాను."

"ఎందుకు మానవూ? హార్మోన్లు దండిగా ఉంటేనూ!" అంటూ అతను తల్లిని మెల్లగా ఎత్తి చూపించాడు. "కుట్టు మచ్చ ఏదీ? ఇది నా కత్తి తగలని ఎలుక. ఇక్కడికి వచ్చేటప్పుడే కడుపుతో వచ్చింది."

పక్క పంజరానికి 'ఆపరేషన్ లేదు' అని కార్డు. అందులో ఆరింటికి ఆరూ కుట్టు మచ్చలతో ఉన్నాయి. పంజరాలు కడిగిన రోజు ఎవరో కార్డులు అటుది ఇటు, ఇటుది అటు తగిలించారు.

"ఆ మహానుభావుడెవడో దొరకాలి, చెప్తాను వాడి పని!" అని ఆమె పంజరాల రిజిస్టర్ తెరిచింది. ఆ తేదీన సంతకం తనదే.

ఆమె గైడ్ ప్రొఫెసర్ గారు తిట్టలేదు. అదే భయం. "కార్డులు ఎప్పుడు, ఎందుకు మారాయో పొరపాటు పత్రంలో రాయండి. సాక్షి సంతకం పెట్టించండి. కారణం నమ్మేలా లేకపోతే ప్రయోగం రద్దు. 'పొరపాటున' అని రాశారో, చించేస్తాను."

కారణం ఆమెకు ఇప్పుడు గుర్తొచ్చింది. అదే వచ్చిన చిక్కు. నాలుగు కాగితాలు నలిపి పారేశాక, సిగ్గు కంటే పీహెచ్‌డీ ముఖ్యమని తేల్చుకుని, రాసిన పత్రాన్ని సాక్షి సంతకం కోసం కుట్ల డాక్టర్ ముందు పడేసింది.

అతను పైకి చదివాడు. "'కార్డులు తగిలిస్తుండగా పశువైద్యుడు వానలో తడిసి లోపలికి వచ్చి, స్టీలు బీరువా తలుపులో చూసుకుంటూ తల తుడుచుకున్నాడు. నేను కార్డుల వైపు చూడలేదు.'" గొంతు సవరించుకున్నాడు. "ఎంతసేపు చూడలేదు?"

"అవసరమా?"

"సాక్షిని కదండీ, వివరాలు కావాలి."

"చాలాసేపు! మీరంటే నాకిష్టం. ఇది చాలా, ఇంకేమైనా కొలిచి చెప్పాలా?" ఆమె కళ్లలో నీళ్లు తిరిగాయి.

అతని వెటకారం ఎటు పోయిందో పోయింది. "నేను తల తుడుచుకోవడానికి అటు తిరగలేదండీ," అన్నాడు నేల చూస్తూ. "ఆ తలుపులో మీరు కనబడతారు. రోజూ అందుకే అక్కడ నిలబడతాను."

బయట వాన లేదు. అయినా ఇద్దరూ కాసేపు కిటికీలోంచి ఆ లేని వాననే చూశారు.

పత్రంలో ఆఖరి గడి మిగిలింది: 'మళ్లీ జరగకుండా తీసుకునే చర్య'. అతను పెన్ను తీసుకుని 'పెళ్లి, ఆమె ఒప్పుకుంటే' అని రాసి సాక్షి సంతకం చేశాడు. ఆమె దాని కింద 'ఒప్పుకున్నాను' అని రాసి, తేదీ వేసింది. ఈసారి తేదీ రెండుసార్లు సరిచూసుకుంది.

ప్రొఫెసర్ గారు కళ్లజోడు సర్దుకుని పత్రం మొత్తం చదివారు. ఇద్దరినీ ఎగాదిగా చూశారు.

"పెళ్లయితే ఒకరినొకరు చూసుకోవడం మానేస్తారని మీ ధీమా! ముప్ఫయ్యేళ్లు కాపురం చేసిన అనుభవంతో చెప్తున్నాను, దివ్యంగా పనిచేసే చర్య," అని సంతకం గిలికి, ప్రయోగం కొనసాగించమన్నారు.