పేరు లేని పదహారు బటన్లు

"జాబితాలో ఇరవై రెండు పేర్లున్నాయి. పదకొండోది మీ చెల్లెలిది," అన్నాడు చీఫ్.

ఏజెంట్ తొమ్మిది కుర్చీ ముందుకు జరుపుకున్నాడు. రెండేళ్ల క్రితం ఒక బాంబు అతని రెండు కళ్లనూ తీసుకుపోయింది. అప్పట్నుంచీ డిపార్ట్‌మెంట్ అతనికి పెన్షన్ ఫారాలు తప్ప మరేమీ పంపలేదు. చెల్లెలు మాత్రం సరిహద్దు అవతల, శత్రువుల సైనిక కార్యాలయంలో టైపిస్టు వేషంలో ఇంకా పనిచేస్తూనే ఉంది.

చీఫ్ బ్రీఫింగ్ మూడు నిమిషాల్లో ముగించాడు. విదేశీ ముఠా ఒక సాఫ్ట్‌వేర్ కంపెనీ ముసుగులో నాలుగో అంతస్తులో కూర్చుంది. మన గూఢచారుల జాబితా అక్కడి కంప్యూటర్‌లోంచి పదకొండున్నరకి దానంతటదే బయల్దేరుతుంది. కరెంటు తీసినా, తలుపు బద్దలుకొట్టినా ఆ క్షణమే వెళ్లిపోతుంది. దాన్ని ఆపి, ఫైలు చెరిపేసే బటన్ స్క్రీన్ మీదే ఉంది. లోపల మనకొక మనిషి ఉంది. ఆ స్క్రీన్‌ని తీర్చిదిద్దిన డిజైనరే. తాను ఆపితే ముఠాకి దొరికిపోతానని, చూపులేనివాళ్లకి సాఫ్ట్‌వేర్ పనికొస్తుందో లేదో పరీక్షించే మనిషిగా తొమ్మిదినే పంపమని ఆవిడ కబురు పెట్టింది.

"వేషం?"

"అక్కర్లేదు," అన్నాడు చీఫ్, కాస్త ఇబ్బందిగా.

చేతికర్ర పిడిలో రేడియో అమర్చారు. పిడి తిప్పితే కింద వ్యానులో ఉన్న దళం పైకొస్తుంది. తలుపు సంగతి తెలుసు కాబట్టి, పని అయ్యేదాకా తిప్పకూడదు.

డిజైనర్ సినిమాతారలా ఉంటుందని లిఫ్టులో కాపలావాడు చెప్పాడు. తొమ్మిది నమ్మాడు. నమ్మక చేసేదేముంది. పరీక్ష గదిలో ముందు ఖరీదైన సెంటు వాసన వచ్చింది, తర్వాత ఆవిడ గొంతు.

"కిటికీ తెరవమంటారా?"

"గాలి వద్దు. వెలుతురు చాలు," అన్నాడు తొమ్మిది. కోడ్ మాటలు రాసిన మహానుభావుడెవరో గానీ, ఎవరిని పంపుతున్నారో అడిగి రాసినట్టు లేదు.

తెర మీదున్నది చదివి వినిపించే గొంతు ఇయర్‌ఫోన్‌లో మొదలైంది. అలవాటు లేనివాళ్లకి అది రేడియో స్టేషన్లు కలిసిపోయిన గోలలా ఉంటుంది. ఆ వేగం మీదే అతను పాస్‌వర్డ్ దాటాడు, తాళం దాటాడు, ఫైళ్లు దాటాడు. వెనక ఆవిడ ఊపిరి బిగబట్టడం వినిపించింది. గుడ్డివాడికి ఇంత పని వస్తుందని అనుకోలేదు కాబోలు.

చివరి పేజీ తెరుచుకుంది. "పదహారు బటన్లు," అంది గొంతు. తొమ్మిది కిందికి దిగాడు.

"బటన్. బటన్. బొమ్మ. బటన్."

ఒక్కదానికీ పేరు లేదు. ఒకే రకం డబ్బాలు పదహారు కొని, దేనికీ చీటీ అంటించకుండా అరలో పేర్చిన వంటిల్లులా ఉంది. వాటిలో ఒకటి ఆపేది. ఇంకొకటి వెంటనే పంపేది. పొరపాటున దాని మీద వేలు పడితే చెల్లెలు సాయంత్రానికి ఉండదు.

"తొంభై సెకన్లు. ఎనభై తొమ్మిది."

అంకె మారినప్పుడల్లా గొంతు చదువుతున్నది మధ్యలో వదిలేసి అంకే చెబుతోంది. చెప్పి మళ్లీ పేజీ మొదటికి పోయి కూర్చుంటోంది. మూడో బటన్ దాకా వెళ్లాడు, మొదటికొచ్చాడు. నాలుగో బటన్ దాకా వెళ్లాడు, మొదటికొచ్చాడు.

మెడ వెనక చల్లగా ఇనుము తగిలింది.

"మిమ్మల్నే పంపమని ఎందుకడిగాననుకున్నారు? కళ్లున్నవాడొస్తే నాకు కష్టమయ్యేది," అందావిడ.

పిస్టల్ లాక్కోవడం తొమ్మిదికి తెలుసు. లాక్కుని ఏ బటన్ నొక్కాలో తెలియదు.

"ముప్పై సెకన్లు."

చేతులు కీబోర్డు మీంచి తీసి ఒళ్లో పెట్టుకున్నాడు. ఈపాటికి చెల్లెలు పొద్దుటి టపా కట్టలు విప్పుతూ ఉంటుంది. తలుపు ఎవరో తట్టేదాకా ఆమెకేమీ తెలియదు.

"ఇందులో ఆపే బటన్ పెట్టడం మర్చిపోయారండీ," అన్నాడు. అది ఎత్తుగడ కాదు. నిజంగానే అలా అనుకున్నాడు.

"మర్చిపోవడమా?" ఆవిడ గొంతు మారింది. ఆ స్క్రీన్‌కి మూడు బహుమతులొచ్చాయి. "అరచేయంత ఉంది. ఎర్రగా."

"పదమూడు."

"లేదండీ. పేజీ అంతా వెతికాను."

"పసిపిల్లలక్కూడా కనిపిస్తుంది."

"నాకు కనిపించదు కదండీ."

"ఇదిగో, ఇక్కడ!" అంటూ ముందుకు వంగి, అద్దం మీద గోటితో టక్కుమని కొట్టింది.

అది టచ్ స్క్రీన్. నిజంగానే ఆపాలా అని అడిగి విసిగించకుండా, ఒక్క తాకుడుకే పనిచేసేలా తీర్చిదిద్దింది కూడా ఆవిడే.

"రెండు," అంది గొంతు. ఆ తర్వాత ఇంకే అంకే రాలేదు. "ఫైలు పూర్తిగా చెరిగిపోయింది."

ఆ పేజీ మొత్తంలో అర్థమయ్యేలా చెప్పింది అదొక్కటే.

ఆవిడ ఇంకా తెర వైపే వంగి ఉండగా తొమ్మిది పిస్టల్ అందుకున్నాడు. రెండో చేత్తో కర్ర పిడి తిప్పాడు.

సాయంత్రం చీఫ్ గదిలో, రహస్య లైను మీద చెల్లెలు పలికింది. జాబితా సంగతి ఆమెకు తెలియనివ్వొద్దని చీఫ్ ముందే చెప్పి ఉంచాడు.

"పొద్దున్నుంచీ ఎక్కడికెళ్లావన్నయ్యా?"

"ఒక ఆఫీసుకమ్మా. బటన్ ఒకటి వెతకడానికి."

"దొరికిందా?"

"నాకు దొరకలేదు," అన్నాడు తొమ్మిది. "ఎర్రగా, అరచేయంత ఉందట."