కారు చెప్పని గొర్రెపిల్ల

"ఓ అన్నా! గీ ట్రాలీ తియ్యి. ఇది చార్జింగ్ జాగా."

చౌటుప్పల్ హైవే మీద మా చిచ్చా చాయ్ హోటల్. మిట్టమధ్యాహ్నం, నెత్తి మాడుతాంది. నేను ట్రాలీ ఆటోలకెల్లి పాల క్యాన్లు దించుతున్న. తలకాయ ఎత్తి చూస్తే తెల్లటి కరెంటు కారు, అండ్ల ఒక పిల్ల. మెడల కంపెనీ కార్డు, కండ్లల్ల కోపం.

"రెండు నిమిషాలు ఆగితే నీ కారేం చచ్చిపోదు," అన్న.

"చస్తది. మూడు పర్సెంటే ఉంది. అసలు నీకు లైసెన్స్ ఉందా?"

గా ఒక్క ముచ్చట అడగకుంటే ఏం పోయేది! గొర్లు కాసే ఇంట్ల పుట్టినోన్ని. ఎన్ని ఏండ్ల సంది గొర్లను ట్రాలీల ఏసుకొని సంతకు పోతున్న, నన్ను ఒక్కడన్న అడిగిండా? లేని లైసెన్స్ ఏడికెల్లి తేవాలె! ట్రాలీ పక్కకు పెట్టిన. ఆమె నవ్వింది. నాకు ఒళ్లు మండింది గని, నవ్వు మాత్రం బాగుండె.

పేరు స్వర్ణ. మందుల కంపెనీల ల్యాబుల పని. రోజు మార్చి రోజు కారుకు చార్జింగ్ పెట్టేది, నలభై నిమిషాలు. అంతసేపు మనిషి ఏం చేస్తది? చాయ్ తాగుతది. చాయ్ ఎవలు పోస్తరు? నేనే. మొదలు చక్కెర ఎక్కువైందని కొట్లాడింది, తర్వాత తక్కువైందని కొట్లాడింది. వానకాలం వచ్చేసరికి చార్జింగ్ నిండినంక గూడ పోతలేదు. వాన పడుతాందంటది. బయటికి చూస్తే చినుకు లేదు.

"గా అన్నా అనుడు ఒకటి బంద్ చేస్తవా?" అని ఒకనాడు అడిగిన.

"మరేమని పిల్వాలె?"

"లింగస్వామి. ఊర్లె అందరు లింగన్న అంటరు. నువ్వు అది గూడ అనొద్దు."

చాయ్ గ్లాసు మొఖానికి అడ్డం పెట్టుకొని నవ్వింది.

దసరా పోయినంక ఒకరోజు మొఖం మాడ్చుకొని వచ్చింది. "ఆలేరు కెల్లి సంబంధం వచ్చింది. వచ్చే నెల మొదటి ఆదివారం చూడనీకి వస్తరట. నేను బాపుకు నీ ముచ్చట చెప్పిన."

చాయ్ జగ్గు కింద పెట్టిన. "ఏమన్నడు?"

"'గొర్లోడైనా, చాయోడైనా నాకు ఫికర్ లేదు. ముందుగాల లైసెన్స్ చూపియ్యమను' అన్నడు."

వాళ్ల బాపు పేరు పర్వతాలు, ఆర్టీసీల ముప్పై ఏండ్లు బస్సు నడిపి రిటైర్ అయినోడు. ఒక్క యాక్సిడెంట్ లేదు. ఆయన లెక్కల లైసెన్స్ లేనోడు మనిషే కాదు. నా సంగతేమో గిట్లుంది: స్వర్ణ అడిగిన నాటి సంది ట్రాలీ ముట్టలే. నల్లగొండకు పోయి రెండుసార్లు టెస్ట్ ఇచ్చిన, రెండుసార్లు ఫెయిల్. ఒకసారి బెల్ట్ పెట్టుకోలే. ఇంకోసారి రివర్స్‌ల అద్దాలు చూడుడు ఇడిశిపెట్టి, మందను మలిపినట్టు కిటికీలకెల్లి సగం ఒళ్లు బయట పెట్టిన.

"ఈసారి నా కారుల ఇయ్యి. నేను నేర్పిస్త," అన్నది స్వర్ణ.

గా కారుతోటి నాకు మొదటిరోజే పంచాయితీ. గీత దాటితే స్టీరింగ్ వణుకుతది. ఎనకకు పోతే బీప్. ముంగట కుక్క కనపడ్తే దానంతట అదే బ్రేకు ఏస్తది.

"గిది కారా, మా అవ్వనా? గింత నసనా!"

"మీ అవ్వ మాట వింటవా?"

"వినను."

"గందుకే రెండుసార్లు ఫెయిల్ అయినవ్."

ఏం చెప్పాలె! మూడు వారాలల్ల గా బీప్‌కు మరిగిన. అది మొత్తుకుంటెనే ఆగుడు, మొత్తుకోకుంటే పోవుడు. మస్తు నేర్చుకున్ననని మురిసిపోయిన.

శుక్రవారం టెస్ట్. గ్రౌండ్ గేటు కాడ చేతులు కట్టుకొని పర్వతాలు మామ నిలవడ్డడు. నేను స్వర్ణ దిక్కు చూసిన. నేను రమ్మనలేదని కండ్లతోటే చెప్పింది. ఇగ ఆలేరోల్లు రానీకి రెండు రోజులే ఉన్నయి.

ఇన్‌స్పెక్టర్ రామచంద్రం సార్ పక్కసీట్ల కూసున్నడు. "ఈ బీపులు, ఆటో బ్రేకులు అన్నీ బంద్ చెయ్. కారు ఎప్పుడో పాసైంది. ఇప్పుడు నీ సంగతి చూడాలె."

బంద్ చేసిన. కారు మూగదైంది. ఎనిమిది అంకె మీద ఎట్ల తిప్పిన్నో ఆ దేవునికే ఎరుక. రివర్స్ గూడ అద్దాలల్ల చూసుకుంటనే పూర్తి చేసిన. ఇగ ఒక్క మలుపు ఉందనంగ, పక్క బీడు భూమిలకెల్లి గొర్ల మంద వచ్చి ట్రాక్ మీద పడ్డది.

"హారన్ కొట్టు," అన్నడు సార్.

"కొట్టను సార్."

"ఏందీ?"

"కొడితే గొర్రెపిల్లలు బెదిరి చక్రాల కిందికే ఉరుకుతయ్ సార్. అవే పోతయ్, జర ఆగుండ్రి."

ఇన్‌స్పెక్టర్ మాటనే కాదన్న. అయిపాయె, ఆలేరోని నసీబు బాగుందనుకున్న. మంద మెల్లగ దాటింది. ట్రాక్ మొత్తం ఖాళీ.

"పోనియ్ ఇగ."

నా కాలు బ్రేకు మీదికెల్లి లేస్తలేదు.

"పోనియ్ అంటున్న!"

"ఇంకోటి ఉంది సార్."

"ఏడుందయ్యా?"

"గా ఆఖరి గొర్రెను చూడుండ్రి. మల్ల మల్ల ఎనకకు తిరిగి చూస్తాంది. దాని పిల్ల రాలే."

సార్ నోరు తెరిచేలోపల్నే బంపర్ కిందికెల్లి మూరెడంత గొర్రెపిల్ల కుంటుకుంట బయటికొచ్చింది. ముంగటి అద్దంలకెల్లి అప్పటిదాంక మాకు కనపడనే లేదు. తల్లి దగ్గరికి ఉరికి పొదుగుల మూతి పెట్టింది. సార్ కండ్లద్దాలు తీసి తుడుసుకున్నడు. కాయితం మీద ఏదో రాసిండు. ఆఖరి మలుపు గూడ తిప్పి బండి ఆపిన.

తర్వాత గంటసేపు కూసున్నం. స్వర్ణ గోర్లు కొరుకుతాంది. మామ గేటు కాడనే నిలవడి ట్రాక్ దిక్కు చూస్తున్నడు. మూడోసారి ఫెయిలైతే ఈ పిల్లకు మొఖం ఎట్ల చూపియ్యాలె అని నేను నేల చూపులు చూస్తున్న.

"లింగస్వామీ! పాస్!" అని సార్ కేకేసిండు.

అమ్మయ్య! నెత్తి మీది గడ్డిమోపు దించినట్టైంది. స్వర్ణ వాళ్ల బాపు ముంగటనే నా భుజం మీద రెండు గుద్దింది, ఎంబడే ఏడ్చింది, ఎంబడే నవ్వింది. మామ మాత్రం ఎనక సీట్ల పోయి కూసున్నడు.

"నడుపు. ఇంటికి పోదాం," అన్నడు. అంతే.

ముప్పై ఏండ్ల డ్రైవర్‌ను ఎనక కూసోబెట్టుకొని నడుపుడంటే టెస్ట్ కంటే పెద్ద టెస్ట్. నార్కట్‌పల్లి దాటినంక ఎనకకెల్లి ఏదో సప్పుడు. కారు ఖరాబైందేమో అనుకున్న.

"గురక," అని స్వర్ణ నా చెవు కాడికి వంగింది. "మా బాపు ఇంతవరకు ఎవల బండ్లె గూడ నిద్రపోలే తెల్సా? చుట్టాల పెండ్లి బస్సుల గూడ డ్రైవర్ ఎనక నిలవడి రోడ్డు చూస్తడు."

నాకు గుండె నిండిపోయింది. ఇగ ఆపుకోలేకపోయిన. "స్వర్ణా, నువ్వంటే నాకు పానం. ఇన్నొద్దులు చాయ్ పోసుడే గని చెప్పలే."

"తెల్సు. ఎప్పుడు చెప్తవా అని చూస్తున్న." చెంపలు తుడుసుకుంది. "రోడ్డు చూడు."

చౌటుప్పల్‌ల బండి ఆగంగనే మామ దిగ్గున లేచిండు. బయటికి చూసిండు, ఇల్లు కనపడింది. సిగ్గుపడ్డట్టు తువ్వాలతోటి మొఖం తుడుసుకొని ఆలేరుకు ఫోన్ చేసిండు.

"బావా, ఆదివారం మీరు రాకుండ్రి. ఏమనుకోకు, మా పిల్లకు ఈడనే కుదిరింది."

అవుతలాయిన పోరడు ఏం చేస్తడు, ఎంత ఆస్తుందని అడుగుతున్నట్టుంది. మామ నా దిక్కు చూసిండు.

"అవన్నీ అడగలే బావా," అన్నడు. "పోరడు నడుపుతుంటె నాకు నిద్ర పట్టింది."