ముళ్లపంది కొరికిన పార

పొద్దున్న ఐదున్నరకల్లా తాతబాబు పెరట్లో ఉంటాడు. ముప్పై నాలుగేళ్లు గ్యాంగులో రైలుపట్టాలు కాసిన మనిషి, రిటైరైనంత మాత్రాన పొద్దెక్కేదాకా పడుకోమంటే పడుకుంటాడా? మోకాలు సహకరించకపోయినా గోడ పట్టుకుని మెల్లిగా మెట్లు దిగి, రాత్రి ఎవరెవరు వచ్చి ఏమేం తిని వెళ్లారో చూసుకుంటాడు.

కిరండూల్ లైను మీద, కొండకీ పట్టాలకీ మధ్య ఇరుక్కున్న పది క్వార్టర్ల కాలనీ అది. చివరి క్వార్టరు వాళ్లది. పెరటి కంచె దాటితే అడవే. కంచె మూల జానెడున్నర సందు వదిలిపెట్టారు, వచ్చేవాళ్లకి దారి అన్నమాట. నేలకి సమంగా పాతిన సిమెంటు తొట్టిలో నీళ్లు. పక్కనే మోడులూ ఎండాకులూ పోసిన గుట్ట, అందులో తొండల కాపురం, అప్పుడప్పుడూ ముంగిస. పగలు కొండగోరింకలకి బొప్పాయి ముక్కలు. చీకటి పడకముందే ముళ్లపందికి తొక్కుతోనే చిలగడదుంపలు, నాలుగు పనసగింజలు. ఇవన్నీ కొడుకు శ్యామ్‌ప్రసాద్ పెట్టిన అలవాట్లు. “మన ఇల్లే వాటి దార్లో కట్టారు నాన్నా, అద్దె కట్టొద్దూ?” అని నవ్వేవాడు.

ఆ కొడుకు పోయి ఎనిమిది నెలలైంది. మెదడుకెక్కిన మలేరియా, మూడంటే మూడు రోజులు. ముప్పై ఏళ్లు కూడా నిండలేదు వాడికి. వాడు పోయినా వాడి చుట్టాలు రావడం మానలేదు, తాతబాబు పెట్టడం మానలేదు.

తల్లి గురమ్మ మాత్రం పెరట్లోకి దిగదు. వెనక వసారా దాకా వస్తుంది, అంతే. అక్కడ దూలానికి కొబ్బరితాడుతో కట్టిన పార ఒకటి వేలాడుతుంటుంది. రేకు సంతలో కొన్నదే కానీ, కర్ర మాత్రం శ్యామ్‌ప్రసాద్ స్వయంగా చెక్కి బిగించాడు. దుంపల మడి తవ్వింది దాంతోనే. వాడి చేతి పని అని ఇంట్లో మిగిలింది అదొక్కటే. దాన్ని ఎవరూ ముట్టుకోకూడదని గురమ్మ ఆజ్ఞ. తవ్వుకోవడానికి ఇంకో పార ఉంది. రోజూ పొద్దున్నే గురమ్మ వచ్చి, కొడుకు చెయ్యి పట్టిన చోట తన అరచెయ్యి ఆనిస్తుంది. కర్ర కాస్త చల్లగా, చెమ్మగా తగులుతుంది. అప్పుడుగానీ ఆమె గొంతులో టీ దిగదు.

ఆ పొద్దున్న దూలానికి తాడు మాత్రమే ఉంది.

“ఓలమ్మా! నా కొడుకో!”

ఆ కేకకి కాలనీ అంతా ఉలిక్కిపడి ఉంటుంది. తాతబాబు తిరిగి చూసేసరికి గురమ్మ వట్టికాళ్లతో దుంపల మడి దగ్గర కూలబడి ఉంది. పార రేకు బురదలో కూరుకుపోయింది. దానికి జానెడు కర్ర మిగిలింది. తక్కినదంతా పీచులు పీచులుగా, ముక్కలు ముక్కలుగా చుట్టూ పడి ఉంది. పక్కన నలుపూ తెలుపూ చారల ముళ్లు రెండు. ఎవరు చేసిన పనో వేరే చెప్పక్కర్లేదు.

“ఎవులు దించారయ్యా దీన్ని? నువ్వేనా?”

తాతబాబు లెక్క వేసుకున్నాడు. ఇంట్లో ఉన్నది ముగ్గురే. తను దించలేదు. పెళ్లాం దించదు. మిగిలిన మనిషి, కోడలు, రాత్రంతా వానలో లైను మీద డ్యూటీలో ఉంది, ఇంకా ఇంటికి రాలేదు. వచ్చేసరికి ఈ మంట ఆమె మీదికి పోకూడదనుకున్నాడు.

“నానే దించీసినట్టున్నాను,” అన్నాడు. “మతిమరుపు.”

“మతిమరుపా! తిండి తినడం మరిసిపోనావా? దుంపలెట్టి, పళ్లెట్టి, అల్లుడికి మల్లే మేపినావు కదా! నా కొడుకుది ఒక్కటి, ఒక్కటే ఒక్కటి ఉంచుకున్నాను. అదీ తినీసింది కదయ్యా ఆ ముండ!”

సరిగ్గా అప్పుడే గేటు దగ్గర హిడ్మా గొంతు వినిపించింది. పక్క ఊరి కోయాయన, వానాకాలంలో బోడా పుట్టగొడుగులు తెచ్చి అమ్ముతాడు.

“హిడ్మా, ఇలా రా. ముళ్లపంది బొరియ ఎక్కడో నీకు తెల్సా?” అంది గురమ్మ.

“మాలూమ్ అమ్మా. నాలా పక్కన. పొగ పెడితే బయటికొస్తది.”

“ఎల్లి సంపీసి రా.”

హిడ్మా ముసలాయన వంక చూశాడు. “భయ్యా సాకిన ముళ్లపంది కదా అమ్మా అది?”

“ఆ భయ్యా పారే తినీసిందది. నువ్వు సంపకపోతే నానే గునపం అట్టుకుని ఎల్తాను!”

హిడ్మా బుట్ట మెట్టు మీద పెట్టి, తల దించుకుని వాగు వైపు నడిచాడు.

తాతబాబు మోకాలు మడవలేక మడిచి భార్య పక్కన కూర్చున్నాడు. ఆ జంతువు చచ్చిపోతే కొడుకు రెండోసారి పోయినట్టే ఆయనకి. ఏం చెప్తే ఆగుతుంది ఈ మనిషి? మిగిలిన జానెడు ముక్క చేతిలోకి తీసుకుని తిప్పి తిప్పి చూశాడు.

“పక్కనే దుంపలున్నాయి. అయి ఒగ్గీసి కర్ర ఎందుకు తిన్నాదో తెల్సా నీకు?”

“ఒళ్లు బలిసి.”

“ఉప్పుకే. ఘాట్‌లో మేం సుత్తులు కింద పెట్టేవోళ్లమా ఎప్పుడైనా? పెట్టెలో పెట్టి తాళం ఎయ్యాల్సిందే. కొత్త కర్ర జోలికి రాదది. మనిషి సెమట తాగిన కర్రంటేనే దానికి పేనం. ఇటు సూడు. రెండు సేతులూ పట్టే సోటే పిండి పిండి సేసింది. తక్కింది కొరికి పారీసింది.”

గురమ్మ చూసింది. నిజమే.

“ఎనిమిది నెల్లైనా ఆడి సెమట ఇంకా ఉన్నాదన్నమాటే దీన్లో,” అన్నాడు తాతబాబు. ఆ మాటలో సగం జంతువుని కాపాడ్డానికి అన్నదే. మిగతా సగం మాత్రం ఆయనా నమ్మాడు.

గురమ్మ ఒక్కో పీచూ ఏరి కొంగులో వేసుకోసాగింది. ఉన్నట్టుండి తుళ్లిపడి లేచింది.

“ఓలమ్మో, హిడ్మా ఎల్లిపోనాడు! ఆపయ్యా ఆణ్ని! నా కొడుకు సెమట దాని కడుపులో ఉన్నాదయ్యా!”

అరవై ఏళ్ల మనిషి, చెప్పుల్లేకుండా, వానలో కంచె దాటి పరిగెత్తింది. ఆ మోకాలితో తాతబాబు ఎక్కడ అందుకుంటాడు? కంచె పట్టుకుని అక్కడే ఉండిపోయాడు. పావుగంటకి ఆమె హిడ్మా చెయ్యి పట్టుకుని వెనక్కి తీసుకొచ్చింది. మోకాళ్ల దాకా బురద. ముఖంలో మాత్రం వెలుగు.

“ఇంకా పొగ ఎట్టలేదు. బతికే ఉన్నాది. రోజూ రానీయయ్యా. పెద్ద పెద్ద దుంపలెట్టు,” అంది. వసారాలో కూర్చుని, కొడుకు పోయాక మొదటిసారి తనంతట తను అడిగి గిన్నెడు చద్దన్నం తింది. హిడ్మాకీ పెట్టింది, వాన తెరిపిచ్చేదాకా వసారాలోనే కూర్చోమంది. ఆ వెలుగు చూస్తే తాతబాబుకి సంతోషం వెయ్యలేదు, తను సగం కల్పించిన మాట మీద నిలబడ్డ వెలుగని భయం వేసింది.

తొమ్మిదింటికి కోడలు కృపారాణి వచ్చింది. భర్త పోయాక అతని ఉద్యోగం ఆమెకిచ్చారు, ఆ ఉద్యోగం వల్లే ఈ క్వార్టరు నిలిచింది. నిన్న డ్యూటీ దిగి ఇంటికొచ్చాక, ఘాట్‌లో కొండచరియ జారిందని ఫోనొస్తే మళ్లీ పరిగెత్తింది. రాత్రంతా వానలో రాళ్లు ఎత్తింది. నారింజ రంగు కోటు మట్టి రంగుకి తిరిగింది. కాళ్లకి భర్త బూట్లే, ముందు గుడ్డలు కుక్కి వేసుకుంటుంది.

గురమ్మ ఆమెతో సూటిగా మాట్లాడి ఎన్నాళ్లయిందో. కొడుకు ప్రేమించి చేసుకున్న పిల్ల, చర్చికెళ్లే పిల్ల. ఇంట్లో ఆమెకి పేరు లేదు, “ఆ గుంట”, అంటే ఆ పిల్ల, అంతే. ఏం చెప్పాలన్నా మొగుడితో చెప్పించేది. ఆ రోజు మాత్రం తనే ఎదురెళ్లింది.

“ఇదుగో సూడు! మీ ఆయన సెమట ఇంకా దీన్లో ఉన్నాదంట. ఎనిమిది నెల్లైనా పోలేదంట. మూగజీవి కనిపెట్టింది!”

కృపారాణి ఆ ముక్క చూసింది, దూలానికి వేలాడుతున్న తాడు చూసింది. ముఖంలో నెత్తురు లేదు. గుప్పిళ్లు బిగించింది.

“అవునా అత్తయ్యా,” అంది మెల్లిగా. లోపలికి వెళ్లబోయింది.

అక్కడితో వదిలేస్తే అయిపోయేది. గురమ్మ వదల్లేదు. ఇన్నాళ్ల ఉక్రోషం ఒక్కసారిగా పైకి తన్నుకొచ్చింది.

“నీకేటి తెలుస్తాదిలే. ఆడు పోయి మూణ్నెల్లు తిరక్కుండా ఆడి బూట్లేసుకుని ఆడి ఉజ్జోగానికి ఎల్లిపోనావు. నీ కంట ఒక్క సుక్క సూడలేదు నాను. ఆ ముళ్లపందికున్న ఇశ్వాసం నీకు లేకపోయింది!”

“ఒలే గురమ్మా, నోరు ముయ్యి!” అన్నాడు తాతబాబు.

కృపారాణి గుమ్మంలోనే ఆగిపోయింది. వెనక్కి తిరిగి, అత్తగారి ముందుకొచ్చి గుప్పిళ్లు విప్పింది. రెండు అరచేతుల్లోనూ బొబ్బలు. కొన్ని చితికి ఎర్రగా ఉన్నాయి, కొన్ని కాయలు కట్టాయి.

“ఆ ఉప్పు నాది అత్తయ్యా.”

“ఏటి?”

“మీరు సాయంత్రం గుడికెళ్తారు, మావయ్య స్టేషను దాకా నడుస్తారు. అప్పుడు దాన్ని దించుకుని మడి తవ్వుతాను. రోజూ. ఆయన చెయ్యి పట్టిన చోట నా చెయ్యి పెట్టుకుంటే... అంతే, ఇంకేం లేదు. మట్టి కనిపిస్తే మీకు తెలిసిపోతుందని కర్రతో సహా సబ్బు పెట్టి కడిగి, తుడిచి, మళ్లీ కట్టేదాన్ని. నిన్న ఒక్కరోజే కడగలేదు. ఫోనొస్తే మడిలో వదిలేసి పరిగెత్తాను. అందుకే తినేసింది. అది తిన్నది నిన్నటి నా చెమట.”

“అబద్ధం,” అంది గురమ్మ. మొగుడి వంక చూసింది. ఆయన నేల చూశాడు. పొద్దున్నే చేతికి తగిలే చెమ్మ ఆమెకి గుర్తొచ్చింది. అది కొడుకే అనుకుంది ఇన్నాళ్లూ. సబ్బునీళ్లు.

“ఆయనది ఏమన్నా మిగిలి ఉంటే నేనే కడిగేశాను,” అంది కృపారాణి. “నా చేత్తో నేనే, రోజూ కొంచెం కొంచెం కడిగేశాను. ఈ మాట మీకు చెప్పకూడదనే అనుకున్నాను.”

“ముట్టొద్దన్నాను కదే! ఎందుకు ముట్టుకున్నావే!”

“మరి నాకేం మిగిల్చారత్తయ్యా? పదో రోజున ఆయన బట్టలన్నీ మూట కట్టి ఏట్లో వదిలించారు. విడిచి తలుపు వెనక తగిలించిన చొక్కా ఒకటుంది, ఉతకనిది. అదొక్కటి నాకు ఉంచండని మీ కాళ్లు పట్టుకున్నాను. ‘మా పద్ధతులు నీకు తెలీవు’ అన్నారు. నా చేతిలోంచి లాక్కున్నారు.”

గురమ్మకి ఆ చొక్కా కళ్ల ముందుకొచ్చింది. గళ్ల చొక్కా. జ్వరం రావడానికి ముందు రోజు డ్యూటీ దిగి వాడు విప్పి తగిలించింది. మెడ పట్టీ దగ్గర మడ్డి, చంకల్లో ఎండిపోయిన చెమట చారలు. ఆ పిల్ల రెండు చేతులతో గుండెకి పట్టుకుని నిలబడితే, ఒక్కో వేలూ విడదీసి లాగింది తనే. మూటలో కుక్కింది తనే. వాడు ఉన్నది ఆ చొక్కాలో. దాన్ని నీళ్లలో కలిపేసి, ఎండుకర్రకి దండం పెట్టుకుంటూ బతికింది.

హిడ్మా లేచి, చప్పుడు కాకుండా బుట్ట ఎత్తుకుని వెళ్లిపోయాడు. తాతబాబు గోడకి ఆనుకుని కండువా నోటికి అడ్డం పెట్టుకున్నాడు.

గురమ్మ కొంగు జారింది. ఏరి పోగుచేసిన పీచులన్నీ కింద రాలాయి. ఆమె వాటి వంక చూడలేదు. కోడలి రెండు చేతులూ పట్టుకుంది, ఇన్నేళ్లలో మొదటిసారి. ముఖం దగ్గరికి తెచ్చుకుని, ఆ అరచేతుల్లో ముక్కు పెట్టి గట్టిగా పీల్చింది. బురద, ఇనుము, గ్రీజు వాసన. మళ్లీ పీల్చింది.

“లేడు,” అంది. “ఎక్కడా లేడు ఆడు.”

కృపారాణి ఆ బూట్లతోనే వసారాలో కూలబడి, ఎనిమిది నెలలు దాచుకున్నదంతా ఒక్కసారిగా పైకి ఏడ్చేసింది. గురమ్మ ఆమె పక్కనే చతికిలబడి, ఆ బొబ్బల చేతుల్ని వదలకుండా ఒళ్లో పెట్టుకుంది.

“ఒక్క సొక్కా ఉంచాల్సిందమ్మా,” అంది. “ఉంచాల్సింది. నువ్వో రోజు, నానో రోజు దగ్గరెట్టుకునేవోళ్లం.”