నాలుగు వేళ్ల ఎత్తు

ఠంగుమన్న చప్పుడుతోపాటు ఇందుమతి తల తడుముకుంది. గోదావరికి వెయ్యి అడుగుల ఎత్తున, చిరువిమానం పైకప్పు ఆమె నడినెత్తిన మళ్లీ మొట్టింది.

"తగలకూడదే!" అన్నాడు పక్క సీటులోని జలీల్. అమలాపురం షెడ్డులో విమానాల సీట్లు సరిచేసే మిస్త్రీ ఆయన, లోపమెక్కడో చూద్దామని వెంట వచ్చాడు.

ఆయన ఆశ్చర్యం న్యాయమే. బస్సులు పోయి మండలానికో రన్‌వే వచ్చిన ఆ కాలంలో చిరువిమానాలన్నిటికీ ఒదుగుగూళ్లే. నడిపేవాళ్లు షెడ్డు గుమ్మంలోని కొలతద్వారంలో క్షణం నిలబడితే చాలు, సీటూ పెడళ్లూ పైకప్పూ వాళ్ల ఒంటికి తగ్గట్టు సర్దుకుంటాయి. పొట్టివాళ్లకు దిండ్లు అక్కర్లేదు, లావుపాటివాళ్లకు మొహమాటం అక్కర్లేదు. వెంట్రుకవాసి తేడా రాదని ప్రతీతి.

ఇందుమతి విషయంలో మాత్రం ఆ వెంట్రుక బాగా లావెక్కింది. ఆరడుగుల మూడంగుళాల మనిషి. తల తగిలి, విమానం ఊగి, రెండు పైలట్ పరీక్షలు తప్పింది. ఈ మధ్యాహ్నం ఆఖరిది. ఇదీ పోతే ఇక ఎప్పటికీ కింద కూర్చుని ఇతరుల విమానాలకు దారి చెప్పాల్సిందే. ఆ ఊహకే ఆమెకు ఏడుపొస్తోంది.

"కొలతద్వారం యంత్రం ఏమంటోంది బాబాయ్?"

"తప్పు తనది కాదంట. నువ్వే పెరిగావంట." జలీల్ ఆమెను ఎగాదిగా చూశాడు. "నిజమేనేమో. కదలకమ్మా."

జేబులోంచి టేపు తీసి, సీటు నుంచి నడినెత్తి దాకా కొలిచాడు. యంత్రం లెక్క కంటే నాలుగు వేళ్లు ఎక్కువ.

"నేల మీద నువ్వింత లేవే! కొలతద్వారంలో వంగి నుంచున్నావా ఏంటి?"

"లేదు బాబాయ్. మామూలుగానే నుంచున్నా."

"నీ మామూలే వంగుడు తల్లీ!"

ఇందుమతి నవ్వబోయి ఆగిపోయింది. నిజమే, ఏడో తరగతి నుంచి వంగే నడుస్తోంది. 'పైన వాన పడుతోందా?' అని వెక్కిరించినవాళ్ల కోసం కొంత, ఫొటోల్లో వెనక్కి తోసినవాళ్ల కోసం కొంత తగ్గింది. ఆకాశంలో వెక్కిరించేవాళ్లు లేరు. సంతోషం కొద్దీ వెన్ను దానంతటదే నిలబడుతుంది. ఒక మనిషికి రెండు ఎత్తులుంటాయని కొలతద్వారానికి ఎవరూ చెప్పలేదు.

కిందికి దిగాక జలీల్ యంత్రాన్ని ఆపేసి, తన చేత్తోనే సీటును నాలుగు వేళ్లు దించాడు. మోకాళ్లకు చోటుండేలా పెడళ్లను ముందుకు జరిపాడు.

"ఇది ఎగిరే ఇందుమతికి చేసిన గూడు. దిగేటప్పుడు అలవాటుకొద్దీ వంగావో, రన్‌వే కనబడదు."

"అమ్మో, భయమేస్తోంది బాబాయ్."

"రోట్లో తలపెట్టి రోకటిపోటుకు వెరిస్తే ఎలాగమ్మా?"

మధ్యాహ్నం పరీక్షాధికారి వీరభద్రం గారు పక్కన కూర్చున్నారు. పైన అంతా హాయిగా సాగింది. తల తగల్లేదు, మోకాళ్లూ తగల్లేదు. అసలు గండం దిగేటప్పుడు వచ్చింది. కొబ్బరితోటలు దగ్గరై, షెడ్డు ముందు మనుషులు కనబడగానే మెడ తన పని తాను మొదలుపెట్టింది. మీటర్ల పలక వెనక రన్‌వే మాయమైంది.

ఇందుమతి పళ్లు బిగబట్టి వెన్ను నిలబెట్టింది. రన్‌వే మళ్లీ కనిపించింది. మనుషులూ కనిపించారు, అందరూ తననే చూస్తున్నారు. చూడనీ, అనుకుంది. చక్రాలు మెత్తగా నేలను తాకాయి.

వీరభద్రం గారు పాసైనట్టు సంతకం పెట్టి కిందికి దిగారు. వెనకే దిగిన ఇందుమతిని అభినందించబోయి, తల పైకెత్తాల్సి వచ్చి తెల్లబోయారు. ఏడాదిగా ఆమెతో రోజూ మాట్లాడుతున్న మనిషే.

"ఏమ్మా, నువ్వింత పొడుగా?"

"అవునండీ," అంది ఇందుమతి, వంగకుండా.