మెత్తలు కొట్టిన గదిలో లెక్కల పాఠం

ఈ సంగతి మొదట నా చెవిన వేసింది మా బావమరిది. అంటే నా భార్య తమ్ముడు. దుకాణాల కాంప్లెక్సులో కాపలా ఉంటాడు. కాపలా అంటే కుర్చీలో జారబడి వచ్చేపోయేవాళ్లకు కబుర్లు చెప్పడం. అతను చెప్పినదాంట్లో సగం నిజం, సగం నోటి తీట. ఇప్పుడు తనే తలుపు బద్దలు కొట్టినట్టూ, నేను కళ్లు తేలేసినట్టూ అందరికీ చెప్పుకు తిరుగుతున్నాడు. అందుకే అక్షరం అక్షరం కూడబలుక్కుని అయినా నేనే రాస్తున్నాను. నాకు రాత అంతంతమాత్రం. మాట తప్పడం మాత్రం రాదు.

నేను సోఫాలకు, కుర్చీలకు మెత్తలు కుట్టేవాణ్ణి. చేతులు వణుకుతున్నాయని కొట్టు మూసేశాను కానీ, నేను కుట్టిన సీటు మీద కూర్చున్నవాడు ఇంతవరకు పక్కకు జరిగి కూర్చోలేదు. అదీ నా పని.

నా మనవరాలు, నా కూతురి కూతురు, నా దగ్గరే ఉండి చదువుకుంటోంది. గలగల మాట్లాడే పిల్ల. తలుపు వేస్తే ఇల్లు అదరాలి, నవ్వితే పక్కింటికి వినపడాలి. అన్నీ వచ్చు, ఒక్క కాలిక్యులస్ తప్ప. కాలేజీలో ఆ లెక్కలు చెప్పేవాడు ఒట్టి అరుపుల మనిషి. వాడు బోర్డు వైపు తిరిగితే చాలు, దీనికి అరచేతులు చెమటలు పట్టేవి. పరీక్ష పోయింది. మళ్లీ రాసింది, మళ్లీ పోయింది. తిండి మానేసింది.

అప్పుడు ఫోన్‌లో ఆ పాఠాలు దొరికాయి. ఇయర్‌ఫోన్లు చెవుల్లో పెట్టుకుని, మంచం మీద వాలి, కళ్లు మూసుకుని వినేది. నాకు ఒళ్లు మండింది.

"లెక్కలు నేర్చుకుంటున్నావా, నిద్రపోతున్నావా?"

"రెండూ తాతయ్యా. విను ఒకసారి."

ఒకటి తీసి నా చెవిలో పెట్టింది. ఒక ఆడమనిషి గొంతు. గుసగుస కంటే కొంచెం పైన, మాట కంటే కొంచెం కింద.

"భుజాలు వదులు చెయ్యి... దవడ వదులు చెయ్యి... ఇదిగో ఒక వంకర గీత. దాని మీద ఒక చుక్క పెట్టాను. దూరంగా ఇంకో చుక్క. ఈ రెండోదాన్ని మొదటిదాని దగ్గరికి తీసుకొస్తున్నాను... మెల్లగా... తొందరేం లేదు..."

నేను చటుక్కున పీకేశాను. ఆ గొంతు నాకు తెలుసు.

టీచరమ్మ అనేవాళ్లు ఆవిడను. కాలేజీ ఉద్యోగం మానేసి, కాంప్లెక్సు కింద నేలమాళిగలో గది అద్దెకు తీసుకుంది. పిల్లలు జడిసేది లెక్కలకు కాదు, చెప్పేవాళ్ల కేకలకు అనేది. ఒళ్లు తేలిక పడేలా మెల్లమెల్లగా చెప్పి, రికార్డు చేసి ఫోన్లలో పెట్టేది. ఆ గదికి గోడలనిండా మెత్తలు కొట్టమని నన్నే పిలిచింది. చప్పుడు గోడకు తగిలి తిరిగి రాకూడదట. గోడ గీకి, చదును చేసి, కొబ్బరిపీచు పరిచి, దానిమీద స్పాంజి, దానిమీద ముదురు గుడ్డ. రాజుగారి పల్లకీకి కూడా ఎవడూ అలా కొట్టి ఉండడు.

అయినా ఆవిడకు నచ్చలేదు. నేను మేకు కొడుతుంటే వెనకనుంచి వచ్చి, చెవి పక్కన నిలబడి, "ఇక్కడ ఇంకొంచెం మెత్తగా ఉండాలి బాబాయ్ గారూ" అనేది. అదే గుసగుస. అరిచి తిట్టినా పడతాను, ఆ గుసగుస పడలేను. ఒక గోడ మొత్తం విప్పించి మళ్లీ కొట్టించింది. నా పని విప్పించిన మనిషి నా బతుకులో ఆవిడొక్కతే. అది నేను మర్చిపోలేదు. ఆవిడ పోయాక కూడా మర్చిపోలేదు.

అవును, పోయింది. ఆ గదిలోనే, పాఠం మధ్యలో, కుర్చీలోనే గుండె ఆగింది. ఎంత పిలిచిందో ఎవరికీ తెలియదు. నా మెత్తల వల్లే వినపడలేదని కొందరు కూశారు. వినపడకూడదని అడిగి కొట్టించుకుంటే వినపడకుండా కొట్టాను. ఇందులో నన్ను అనడానికి ఏముంది?

పోయినవాళ్ల పాఠాలు ఉంటాయిలే అనుకున్నాను. ఒకరోజు బావమరిది వచ్చి, టీ తాగుతూ, గొంతు తగ్గించి మొదలుపెట్టాడు.

"బావా, మన పిల్ల వినేది ఆ టీచరమ్మ పాఠాలే కదూ?"

"అయితే?"

"ఆవిడ పోయి ఇన్నాళ్లయింది కదా. మరి కొత్త పాఠాలు ఎవరు చెప్తున్నారు?"

"ముందే చెప్పి దాచి ఉంటుంది. నీకు పనీపాటా లేదా?"

"గదికి తాళం వేసింది నేనే. తాళంచెవి ఇదిగో, నా మొలకే. అయినా సరే, తలుపు సందులోంచి ఎర్రగా లైటు కనిపిస్తోంది బావా. రికార్డు అయ్యేటప్పుడు వెలుగుతుందే, అదే."

"కళ్లద్దాలు మార్చుకో" అని పంపేశాను. కానీ ఆ రోజు నుంచి పిల్లను కనిపెట్టి చూశాను.

లెక్కలు వస్తున్నాయి. అది నిజం. కాగితం మీద చెయ్యి ఆగకుండా పోతోంది. నా కూతురు ఫోన్ చేసి, "మార్కులొస్తున్నాయి కదా నాన్నా, ఇంకా ఏంటి నీ గొడవ" అని నన్నే కసిరింది. దానికి మార్కులు కనపడ్డాయి. నాకు పిల్ల కనపడింది. తలుపు చప్పుడు కాకుండా వేస్తోంది. నవ్వు పోయింది. పిలిస్తే పలకడానికి ఎంతోసేపు పడుతోంది. చెయ్యి పట్టుకుంటే చల్లగా... మంచినీళ్ల కుండలా. ఊపిరి ఎంత నెమ్మదో! ఒక్కోసారి దగ్గరికి పోయి, ముక్కు దగ్గర వేలు పెట్టి చూసుకునేవాణ్ణి.

"ఏం నేర్చుకుంటున్నావు అమ్మడూ?"

"దగ్గరవడం" అంది కళ్లు తెరవకుండా. "రెండో చుక్క మొదటిదాని దగ్గరికి సగం దూరం వస్తుంది తాతయ్యా. మిగిలినదాంట్లో సగం. ఆ మిగిలినదాంట్లో మళ్లీ సగం. ఎంత దగ్గరంటే అంత దగ్గర. కానీ తాకదు. అదే అందం."

"తాకనిది దగ్గరికెందుకు రావాలి?"

పిల్ల పెదవులు కదులుతున్నాయి. వంగి విన్నాను. "భుజాలు వదులు చెయ్యి... దవడ వదులు చెయ్యి..."

ఫోన్ లాక్కుని బీరువాలో పెట్టి తాళం వేశాను. పిల్ల ఏడవలేదు, అరవలేదు. నావైపు చూసి చిన్నగా తల ఊపింది. ఒక్క తిట్టు తిట్టి ఉంటే నాకు అంత భయం వేసేది కాదు.

దెయ్యాలు రాత్రిపూట వస్తాయంటారు. నేను చెప్పేది మిట్టమధ్యాహ్నం. భోజనం చేసి ఒక కునుకు తీసి లేచేసరికి పిల్ల లేదు. చెప్పులు గుమ్మం దగ్గరే ఉన్నాయి. నేను ఎవరినీ అడగలేదు. బీరువాలో ఫోన్ కోసం కూడా చూడలేదు. మేకులు పీకే ఉలి జేబులో వేసుకుని నేరుగా కాంప్లెక్సుకు నడిచాను. ఉలి ఎందుకంటే, తాళం రాకపోతే తలుపు పీకేద్దామని.

బావమరిది కుర్చీలో గురక పెడుతున్నాడు. కుర్చీ కాలు తన్నాను.

"లే! కింది గది తాళంచెవి ఇవ్వు."

"బావా, ఆ గదికా? నేను రాను."

"నిన్నెవడు రమ్మన్నాడు, దద్దమ్మా?"

అయినా వెనకాలే వచ్చాడు, మెట్ల దాకా. అక్కడే నిలబడిపోయాడు. అతని ధైర్యం కొలత అది. రాసుకోండి.

నేలమాళిగలో మెట్ల మీదినుంచి దిగే గుడ్డి వెలుతురే. తడిసిన సున్నం వాసన. దాని కింద ఇంకో వాసన, సుద్దముక్క వాసన. ఎక్కడో పైపులోంచి నీరు పడుతోంది. తలుపుకు తాళం వేసే ఉంది, దుమ్ము పట్టి. తలుపు కింద సందులో ఎర్రటి వెలుగు.

తాళం తీశాను. తలుపు తోశాను.

నా మనవరాలు కుర్చీలో కూర్చుని ఉంది. వట్టి కాళ్లతో. కళ్లు మూసుకుని, మైకు ముందు, నిటారుగా. మైకు పక్కన ఆ చిన్న ఎర్ర లైటు. పిల్ల మాట్లాడుతోంది.

"...తొందరేం లేదు... ఊపిరి వదులు... ఇంకా వదులు..."

ఆ గొంతు నా మనవరాలిది కాదు.

నేను లోపలికి రెండడుగులు వేశాను. వెనక తలుపు మూసుకుంది. చప్పుడు లేదు. నా పనే అది, చప్పుడు కాకుండా మూసుకునేలా అంచుకు మెత్త కొట్టాను. పైపులో నీటి చప్పుడు ఆగిపోయింది. నా అడుగుల చప్పుడు ఆగిపోయింది. నా గుండె మాత్రం కొట్టుకుంటోంది, వేరే ఎవరిదో అన్నట్టు.

పిల్ల పెదవులు ఆగాయి.

గొంతు ఆగలేదు.

"భుజాలు వదులు చెయ్యండి బాబాయ్ గారూ..."

అది ఎదుటి గోడ దగ్గరనుంచి వచ్చింది. అక్కడ ఎవరూ లేరు. ఎర్రటి వెలుగులో మెత్తలే.

"నేను ఇక్కడున్నాను... మీ దగ్గరికి సగం దూరం వస్తాను..."

మైకు దగ్గరికి వచ్చింది.

"మిగిలినదాంట్లో సగం..."

పిల్ల కుర్చీ దగ్గర.

"ఆ మిగిలినదాంట్లో..."

నా ముఖం మీద చల్లగా... ఊపిరి కాదు. ఊపిరికి వేడి ఉంటుంది.

"అమ్మడూ!" అని అరిచాను. ప్రాణం పెట్టి అరిచాను. కేక పళ్లు దాటి బయట పడలేదు. మెత్తలు తాగేశాయి. పిల్ల రెప్ప కూడా కదలలేదు.

"అరవకూడదు..." అంది గొంతు. ఇప్పుడు బెత్తెడు దూరం. "పిల్ల కూడా ఇంక అరవదు... చూడండి, ఎంత హాయిగా ఉందో..."

పిల్ల ఛాతీ వైపు చూశాను. అది కదలడం లేదు.

వేలెడు దూరం.

నా చెవి మీద వెంట్రుకలు లేచాయి. భుజాలు వదులవుతున్నాయి, అదీ ఆవిడ చెప్పినట్టే. కూర్చోవాలనిపించింది. నిజం చెప్తున్నాను, హాయిగా ఉంది. ఆ హాయిలో...

"ఇక్కడ... ఇంకొంచెం మెత్తగా ఉండాలి..."

ఆ ఒక్క మాట! ఆవిడ ఆ మాట అనకపోయి ఉంటే ఏమయ్యేదో. నాకు అరికాలి మంట నెత్తికెక్కింది. చచ్చి కూడా నా పనికి వంకలు పెడుతోంది!

"మెత్త కావాలా? తీసుకో!"

జేబులో ఉలి తీసి గోడలోకి దింపాను. నా చేత్తో కొట్టిన మేకులు, నా చేత్తో సాగదీసిన గుడ్డ. పర్రున చీలింది. స్పాంజి పీకాను, పీచు పీకాను. తిడుతూ పీకాను. ఆవిడను తిట్టాను, ఆ కాలేజీవాణ్ణి తిట్టాను, మార్కులను తిట్టాను. గోళ్లు లేచిపోయాయి. రక్తం కారుతోంది. ఒక గోడ సగం బోసిపోయింది. అప్పుడు మళ్లీ అరిచాను.

"అమ్మడూ!"

ఈసారి గోడ పలికింది. నా కేక గోడకు తగిలి, తిరిగొచ్చి, గదిలో బంతిలా దొర్లింది. చెవి పక్కన ఏదో గట్టిగా ఊపిరి లోపలికి లాక్కుంది... తర్వాత ఏమీ లేదు. ఎర్ర లైటు ఆరిపోయింది.

చీకట్లో నా మనవరాలు దగ్గింది. దగ్గి, దగ్గి, భోరుమని ఏడ్చింది. ఆ ఏడుపుకే తలుపవతల మా బావమరిది, "బావా! ఉన్నావా?" అని కేకేశాడు. తలుపు తీసింది నేను. అతను కాదు.

బయటి వెలుతురు పడ్డాక ఒక్కసారి వెనక్కి చూశాను. నేను పీకిన చోట, ఉత్త గోడ మీద, సుద్దతో గీసిన వంకర గీత ఉంది. దాని మీద రెండు చుక్కలు, మధ్యలో గోరు కూడా పట్టనంత ఎడం. ఆ గోడ గీకి చదును చేసింది నేను. మెత్త కొట్టేటప్పుడు దాని మీద ఏమీ లేదు. రెండోసారి కొట్టినప్పుడూ లేదు.

మర్నాడు మిగతా గోడలు కూడా నేనే పీకి తగలబెట్టించాను. పిల్ల కోలుకుంది. తలుపులు మళ్లీ అదురుతున్నాయి. ఆ గదికి ఎలా పోయిందో దానికి గుర్తులేదు. సరేలే, బతికింది, చాలనుకున్నాను.

మొన్న నవ్వుకుంటూ నా దగ్గరికి వచ్చింది.

"తాతయ్యా, ఎంత దొంగవు! నాకు చెప్పకుండా ఎప్పుడు రికార్డు చేశావు?"

చెవిలో పెట్టింది. కొత్త పాఠం.

"భుజాలు వదులు చెయ్యి అమ్మడూ... దవడ వదులు చెయ్యి... తొందరేం లేదు..."

నా గొంతు. నా ముసలి జీర, మాట మధ్యలో నేను తీసే ఎగూపిరితో సహా. నేను పుట్టాక ఎవరితోనూ అలా మాట్లాడలేదు.

అది నేను కాదని చెప్పాను. అరిచి చెప్పాను, ఒట్టేసి చెప్పాను. "నీ గొంతు నాకు తెలియదా తాతయ్యా? నీదే కాబట్టి నాకు భయం లేదు" అని నవ్వుతుంది. ఫోన్ లాక్కుంటే స్నేహితురాలి దాంట్లో వింటోంది. పైగా మా బావమరిది, "మా బావే చెప్తున్నాడు, ఒప్పుకోవడానికి నామోషీ" అని అందరి ముందూ అంటున్నాడు. నా కూతురు అతని మాటే నమ్మింది.

కాబట్టి చదువుకున్నవాళ్లను అడుగుతున్నాను. ఎవరైనా సరే, ఆ గొంతు నాది కాదని స్పష్టంగా రాసి అచ్చు వేయించండి. నా మాట వినని పిల్ల అచ్చులో ఉంటే వింటుంది. మీ పేరే పెట్టుకోండి, నాకు పట్టింపు లేదు. త్వరగా రాయండి. నిన్నటి పాఠం చివర ఆ గొంతు, "ఇంక సగమే అమ్మడూ" అంది.