అత్తయ్య పాటల పెట్టె

"నా పాటల పెట్టెను పాత సామాన్లవాడి పాలు చేసిన చేత్తో పెడితే నేను తినను! తీసుకుపో!"

అత్తయ్య విసురుగా తోసిన కంచం మంచం మీంచి జారి నేల మీద బోర్లా పడింది. కోడలు కొంగు బొడ్లో దోపుకుని, మోకాళ్ళ మీద కూర్చుని మెతుకులు ఎత్తసాగింది. ఆ మాట ఆమెకేమీ కొత్త కాదు. ఈ ఇంటికి మారినప్పటి నుంచీ రోజూ వింటున్నదే! ఇన్నాళ్ళూ వంట ఎవరు చేసినా కంచం మాత్రం కొడుకు తెచ్చి పెట్టేవాడు గనక ఎలాగో గడిచింది. ఇప్పుడతను లారీ తీసుకుని దూరం కిరాయికి వెళ్ళాడు. వాడొచ్చేదాకా ముద్ద ముట్టనని ఆవిడ భీష్మించుకుని కూర్చుంది. ఖాళీ కడుపున మందులు పడవు, ఇలా పస్తులుంటే మనిషి దక్కదని డాక్టరు మొహం మీదే చెప్పి వెళ్ళాడు... ఈవిడకు నాలుగు మెతుకులు తినిపించడమెలా దేవుడా అని కోడలికి తల ప్రాణం తోకకొచ్చింది.

అసలు విషయం చెప్పేస్తాను. రికార్డులు పాడించే ఆ పెట్టెను ఇచ్చేసింది కోడలు కాదు, కొడుకు! కొన్నేళ్ళ కిందట, ఇల్లు మారే రోజున, బండివాడు తొందరపెడుతుంటే, "ఇది పలికి ఎన్నాళ్ళయిందో, చోటు దండగ" అని విరిగిన కుర్చీలతో పాటు దాన్నీ తూకానికి వేసేశాడు. సాయంత్రం కొత్తింట్లో అత్తయ్య, "నా పెట్టేదిరా?" అనడిగింది. మామయ్య పోయి అప్పటికి ఏడాదైనా తిరగలేదు. ఆయన తాకిన వస్తువు అదొక్కటే అన్నట్టుగా దాన్ని చూసుకునేదావిడ. కొడుకు నీళ్ళు నమిలాడు. ఆ ముసలి కళ్ళు కొడుకు మొహం మీదే ఆగి ఉండటం కోడలు చూసింది. చూడలేకపోయింది. "నేనే ఇచ్చేశాను అత్తయ్యా, తెలీక..." అనేసింది. నాలుగు రోజులు తిట్టి ఊరుకుంటుందిలే అనుకుంది. "తర్వాత నేను చెప్తాలే" అన్నాడు భర్త. మగవాళ్ళ 'తర్వాత'కు ఏ క్యాలెండరులోనూ తేదీ ఉండదు కదా! ఆ రోజు నుంచీ అత్తయ్య ఆమెను పిలవడం మానేసింది. అవసరమొస్తే గోడతో చెప్పినట్టు చెప్పేది.

కోడలు దర్జీ కొట్లో పాత బట్టలు సరిచేస్తుంది. ప్యాంట్ల పొడవు తగ్గించడం, జిప్పులు మార్చడం, వదులైన ఎలాస్టిక్ తీసి కొత్తది వేయడం. కంచం నేలపాలైన రోజు మధ్యాహ్నం, పనికి పోతూ పోతూ, పాత వస్తువుల కొట్టు ముందు టక్కున ఆగిపోయింది. గుమ్మంలో, దుమ్ము పట్టిన కుర్చీ మీద, గోధుమరంగు చెక్కపెట్టె! మూత తెరిచి చూస్తే గుండ్రని పళ్ళెం, వంకర చేయి... అచ్చం అదే రకం! సొంతంగా ఒక కుట్టుమెషిను కొనుక్కుందామని దాచుకున్నదంతా ఇంటి నుంచి తెచ్చి ఊడ్చి ఇచ్చేసి, పెట్టెను చంకన పెట్టుకుని రేడియోలు బాగుచేసే బాబాయి దగ్గరికి వెళ్ళింది.

"ఇది పాడటం కాదమ్మాయ్, ఒక్క దగ్గు దగ్గినా గొప్పే" అన్నాడాయన కళ్ళజోడు సవరించుకుంటూ.

"మీరు పక్కనుండి చెప్పండి బాబాయ్, చాకిరీ నేను చేస్తాను. అత్తయ్య అన్నం తినడం లేదు."

పళ్ళెం ఎత్తితే, లోపలి రబ్బరు బెల్టు తారులా కరిగి ఇనుముకు అంటుకుపోయి ఉంది. దూదిని స్పిరిట్‌లో ముంచి గీకి గీకి ఆమె గోళ్ళు నల్లబడ్డాయి. పళ్ళెం తిరిగే ఇరుసు మీద పాత నూనె బంకలా గట్టిపడింది. దాన్ని తుడిచి కుట్టుమెషిను నూనె చుక్క వేసింది. నూనె ఎంత వేయాలో ఆమెకు ఒకరు చెప్పాలా! బాబాయి కొత్త బెల్టు తొడిగి, కొత్త ముల్లు పెట్టాడు. పళ్ళెం అంచున కాగితం ముక్క అంటించి, వాచీ చూస్తూ చుట్లు లెక్కపెట్టి, "వెంట్రుకవాసి తేడా లేదు! కంపెనీవాడు కూడా ఇంత బాగా తిప్పి ఉండడు" అన్నాడు మురిసిపోతూ.

ఒళ్ళు హూనమైనా, పెట్టె మోసుకుంటూ ఇంటికి పరుగున వచ్చింది. రికార్డులు అత్తయ్య మంచం కింద ట్రంకులో భద్రంగానే ఉన్నాయి. వాటిలో మామయ్యకు ప్రాణమైన రికార్డొకటి ఉంది. ఎవరో నాటకాలావిడ పాడిన పాట. రేడియోలో ఎన్నడూ వచ్చి ఎరగదు, ఆ రికార్డులో తప్ప మరెక్కడా దొరకదు. మెల్లగా ముల్లు ఆనించింది. చిటపట... ఆపైన గొంతు! కంగుమని గది నిండిపోయింది. అత్తయ్య ఒక్క ఉదుటున లేచి కూర్చుంది. ఆ మొహంలో వెలుగు చూసి కోడలి గుండె పొంగిపోయింది. ఇవాళ తింటుంది... ఇవాళ నన్ను పిలుస్తుంది!

కానీ ఆ వెలుగు అంతలోనే ఆరిపోయింది.

"ఆపు! ఇది మా పాట కాదు! ఎవరో వెనక తరుముతున్నట్టు పాడుతోందేమిటి? ముసలిదాన్ని, మతిపోయింది, ఏది పెట్టినా నమ్ముతుందనుకున్నావా? మోసం... ఇదీ మోసమే!"

గోడవైపు తిరిగి పడుకుంది ఆవిడ. కోడలు పాట ఆపి, పెట్టెను ముందుగదిలో పెట్టేసి, వంటింట్లోకి వెళ్ళి, పొయ్యి పక్కన నేల మీద చతికిలబడింది. ఏడుద్దామన్నా ఓపిక లేదు. ఏడుపుక్కూడా బలం కావాలి కదా! ఎంత చేసినా ఇంతే... ఇంకేం చేయను నేను? ఒక్కసారి, ఒక్కసారి ఈ బరువు ఎవరైనా అందుకుంటే బాగుండును అనిపించింది.

మర్నాడు సాయంత్రం భర్త వచ్చాడు. బతిమాలి తల్లికి నాలుగు ముద్దలు తినిపించి వంటింట్లోకి వచ్చాడు. భార్య జరిగింది చెప్పింది. "రికార్డు అదే, పాట అదే. అయినా కాదంటున్నారు. అత్తయ్యకు నిజంగా మతి తప్పుతోందేమోనని భయంగా ఉందండీ."

అతను ముందుగదిలోకి వెళ్ళి పాట చిన్నగా పెట్టాడు. కాసేపు విని తలెత్తాడు.

"అమ్మ చెప్పింది నిజమే. మా పాట ఇంత హడావుడిగా ఉండేది కాదు."

"బాబాయి చుట్లు లెక్కపెట్టి మరీ సరిచేశారండీ!"

"అదే చిక్కు. మాది సరిగ్గా తిరిగేది కాదేమో! నా చిన్నప్పుడే బెల్టు తెగిపోయింది. కొత్తది దొరక్క నాన్న లంగా ఎలాస్టిక్ ముక్క కుట్టి తొడిగాడు. వదులైతే మళ్ళీ అలాంటిదే ఇంకోటి. నాన్న పోయేదాకా ఆ ఎలాస్టిక్ మీదే, జారుతూ నిదానంగా తిరిగిందది."

కోడలు నోరు తెరిచింది. "అంటే... ఇంటిల్లిపాదీ ఆ పాటను ఇన్నేళ్ళూ తప్పుగా విన్నారా?"

"తప్పో ఒప్పో, మాకు తెలిసిన పాట అదే."

ఆమె అప్పుడే పెట్టెతో రేడియోల కొట్టుకు వెళ్ళి, "బాబాయ్, దీన్ని కాస్త చెడగొట్టాలి" అంటే ఆయన నెత్తి బాదుకున్నాడు. "బాగుచేయమని వచ్చినవాళ్ళనే చూశానమ్మా ఇన్నాళ్ళూ! ఆ పాపం నా చేత చేయించకు, బెల్టు తీయడం చూపిస్తాను, మిగతాది నీ ఇష్టం" అన్నాడు.

ఇంటికొచ్చి ఎలాస్టిక్ ముక్క కత్తిరించి, రెండు కొసలూ కలిపి సన్నగా కుట్టి తొడిగింది. భర్త పెట్టె ముందు కళ్ళు మూసుకుని కూర్చున్నాడు.

"ఇంకా పరుగే."

కుట్టు విప్పి కాస్త వదులుగా కుట్టింది.

"ఊహూ... మరీ నిద్రపోతోంది."

మళ్ళీ విప్పింది. వేళ్ళు లాగేస్తున్నాయి, కళ్ళు మసకబారుతున్నాయి, సూదిలో దారం ఎక్కడం లేదు. అయినా మళ్ళీ కుట్టింది. ముల్లు ఆనించింది. గొంతు కాస్త బరువుగా, ఎక్కడికీ పోవాల్సిన పని లేనట్టు, తీరిగ్గా సాగింది. అంతలో లోపలి గదిలోంచి వణికే ముసలి గొంతొకటి ఆ పాటతో కలిసింది. అక్షరం తడబడకుండా, ఎక్కడ ఆగాలో అక్కడ ఆగుతూ... అత్తయ్య పాడుతోంది!

భర్త కళ్ళు తెరిచాడు. చెంపల మీద ధారలు. లేచి తూలుతున్నట్టు లోపలికి వెళ్ళి తల్లి పాదాల దగ్గర కూలబడ్డాడు.

"అమ్మా! ఆ పెట్టెను ఇచ్చేసింది నేను. తను కాదు. నాకు నోరు పెగల్లేదు... తను మీదేసుకుంది. నేను చెప్పకుండా వదిలేశాను. ఇన్నేళ్ళూ వదిలేశాను!"

పాట సాగుతూనే ఉంది. అత్తయ్య పాడటం ఆపేసింది. గుమ్మంలో, చేతిలో సూది పట్టుకుని నిలబడ్డ కోడలి వైపు చూసింది. గోడ వైపు కాదు, ఆమె వైపే!

"ఎందుకు చెప్పలేదే?"

"మీకు నా మీద కోపమొస్తే అన్నం మానేస్తారంతే అత్తయ్యా. ఆయన మీద మనసు విరిగితే బతకడమే మానేస్తారనిపించింది. మామయ్య పోయిన కొత్త కదా..."

అత్తయ్య చేతికందిన దుప్పటి కొస నలిపింది. "మరి నీ సంగతో?" అంది.

ఆ ఇంట్లో ఆ మాట ఆమెను ఇంతవరకూ ఎవరూ అడగలేదు. ఏమీ లేదు అత్తయ్యా, బాగానే ఉన్నాను అనాలని నోరు తెరిచింది. అలవాటైన మాటే, కానీ రాలేదు.

"అలిసిపోయాను అత్తయ్యా..." అంది. అనగానే గుమ్మానికి చేరగిలబడింది. "చాలా అలిసిపోయాను."

"రా అమ్మాయీ... ఇలా రా." అత్తయ్య గోడవైపుకు జరిగి మంచం మీద చోటిచ్చింది. కోడలు ఒక చిన్నపిల్లలా వచ్చి ఆ చోట్లో ముడుచుకుంది. వేళ్ళ మధ్య ఇంకా పట్టుకునే ఉన్న సూదిని అత్తయ్య మెల్లగా తీసి, తన చీర కొంగుకు గుచ్చుకుంది. నల్లబడ్డ ఆ గోళ్ళను చూసి, చేయి తన ఒళ్ళోకి లాక్కుంది.

"పడుకో. ఎవరొచ్చి పిలిచినా లేవకు." ఆ తర్వాత కొడుకు వైపు తిరిగింది. క్షమించినట్టూ లేదు, తిట్టినట్టూ లేదు. "ఇక్కడ కూర్చుని ఏడ్చింది చాలుగానీ, వెళ్ళి వంట సంగతి చూడు. వండి మా ఇద్దరికీ పట్టుకురా."

అతను కళ్ళు తుడుచుకుంటూ వంటింట్లోకి వెళ్ళాడు. ముందుగదిలో పాట అయిపోయింది. కోడలు అప్పటికే నిద్రపోయింది.