ఖాళీ చేతుల కేసెట్

"నాలుగింటి రైలుకి ఈ సినిమా సరిహద్దు దాటుతుంది," అన్నాడు కల్నల్ గ్రిబానొవ్. "విదేశీ ముఠా సరుకని కబురు. నకలు తీయించి చూశాను. గంటసేపు ముసలాయన చేతులే. మాట లేదు, మర లేదు. ప్రయోగాత్మక డాక్యుమెంటరీ అట. నిద్రొచ్చింది. నువ్వూ చూసి సంతకం పెట్టు, రొదియోన్."

ఏజెంట్ రొదియోన్‌కి యాభై ఎనిమిదేళ్లు. నిద్ర అతనికీ వస్తూనే ఉంది. కాకపోతే నిఘా శాఖలోకి రాకముందు ఈ ఉరల్ ఊరి ఆయుధాల ఫ్యాక్టరీలో తొమ్మిదేళ్లు ఫిట్టరు. పన్నెండో నిమిషంలో నిద్ర వదిలింది. ఆ ఖాళీ చేతులు గాల్లో మందుపాతర ఫ్యూజు బిగిస్తున్నాయి. ఏ ముక్క తర్వాత ఏ ముక్క, ఎన్ని చుట్లు, ఎక్కడ ఆపాలి, అంతా ఉంది.

పైకి చెబితే ఆ చేతులాయన, ఫ్యూజు కనిపెట్టిన అర్సేని ప్లాతొనొవిచ్, ఎనభై నాలుగేళ్ల వయసులో జైల్లో పోతాడు. చెప్పకపోతే ఫ్యూజు గుట్టు సరిహద్దు దాటిపోతుంది. రొదియోన్ సంతకం పెట్టాడు. నకలు, కెమెరా సంచిలో వేసుకుని ముసలాయన ఇంటికి నడిచాడు.

"చేతుల్లో ఏమీ లేదు కదయ్యా," అన్నాడు అర్సేని. "సినిమా తీసిన లీదియా ఇది కళ అంది. నలభై ఏళ్లు నా పేరు బయట ఎవరూ పలకలేదు. ఆ పిల్ల పలికింది."

"మాంసం పెట్టి పెల్మెని కుడుములు చుట్టడం వచ్చా?"

"రాకేం. పిండి తేనా?"

"వద్దు. ఖాళీ చేతులతో చుట్టండి. గంటసేపు."

"నీకూ పట్టిందా కళ?"

నకలు కేసెట్ మీదే కొత్త సినిమా ఎక్కింది.

నాలుగుకు ఐదు నిమిషాలుండగా రొదియోన్ రైల్వే కూలీ వేషంలో లీదియా పెట్టె ఎత్తాడు. అందగత్తె, డైరెక్టరు. ముఠా మనిషి. శాఖకీ కబుర్లు మోస్తుంది. పెట్టె అడుగున దొంగ అర. కేసెట్ మారిపోయింది.

"ఆగు." లీదియా అర తెరిచి, కేసెట్‌ను తన కెమెరాలో పెట్టి కన్ను ఆనించింది. రైలు కూత వేసింది.

"మాంసం ఎక్కువ పెడుతున్నాడు," అంది మెల్లగా. "ఎప్పుడూ అంతే."

"ముసలాయన జైలుకెళ్తాడు, లీదియా."

"నీకు కూలీ వేషం నప్పలేదు. నడుం పట్టుకుని నడుస్తున్నావ్." కేసెట్ తిరిగి అరలో పెట్టింది. "ఎనిమిది రోజులు నన్ను అమ్మడూ అని పిలిచి తినిపించాడు. పెట్టె ఎక్కించు."

రైలు కదిలింది.

ఆరు నెలలకు ఆమె నుంచి ఒక్క వాక్యం వచ్చింది. చివర్లో అంచులు నొక్కే ముక్క ఏదో అక్కడి ఇంజనీర్లకు అంతుపట్టడం లేదట.

ఉడికించి చూడమని రాద్దామనుకున్నాడు రొదియోన్. ఓపిక లేక ఊరుకున్నాడు.